కుక్క మెడకేం కడుతున్నం, మన చేతిలేం పడుతున్నం?

ఇప్పుడు ఏ ఊరికి పోయినా వాడకు రెండు మూడు పెంపుడు కుక్కలు కనిపిస్తున్నయ్. ఎన్కట ఊరకుక్కనే ఇంటి ముందట పంటుండె, ఎవరు బుక్కెడు పెడితే వాళ్ల ఇల్లు కాస్తుండె. ఇప్పుడు ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్, పగ్, రాట్‌వీలర్ అని పేరు అడిగి మరీ కొనుక్కొస్తున్నరు. పిల్లగ ఉన్నన్ని రోజులు ఒళ్లె కూసోబెట్టుకొని రీల్సే రీల్స్. ఏడెనిమిది నెలలకు అది ఇరవై కిలోలు దాటుతది, చెప్పులు కొరుకుతది, చుట్టాల మీద ఎగురుతది. అప్పుడు పశువుల గొలుసు ఒకటి మెడకేసి వేపచెట్టుకు కడతరు. పొద్దుమూకినంక పది నిమిషాలు బయటికి తీస్తే అది ముందట గుంజుతుంటది, పిలగాడు వెనక ఉరుకుతుంటడు. "కుక్కను నువ్వు తిప్పుతున్నవా, కుక్క నిన్ను తిప్పుతున్నదా?" అని అరుగు మీద కూసున్నోళ్లు నవ్వుతరు.

నవ్వుకోని ఊకుంటే ఏం కాదు. కానీ మూలమలుపు కాడ బండి అడ్డమొచ్చినప్పుడో, బడి పిలగాడు బిస్కెట్ తినుకుంట ఎదురొచ్చినప్పుడో ఆ గొలుసు చేతిలకెల్లి జారుతది. పిలగానికి పన్ను దిగితే రెండు ఇండ్ల నడుమ మాటలు బందయితయ్, పంచాయితీ కూసుంటది. ఆఖరికి ఆ కుక్కను ట్రాలీల ఎక్కించి, పది కిలోమీటర్ల అవుతల హైవే పక్కన ఇడిసిపెట్టి వస్తరు. తప్పు కుక్కదే అయితది. దాని మెడకు ఏం కట్టినం, దానికి నడుసుడు ఎవరు నేర్పిన్రు అనేది ఎవ్వరూ అడగరు.

అసలు కుక్క ఎందుకు గుంజుతది? బలుపెక్కి కాదు, మన మీద పెత్తనం చేద్దామని కాదు. దాని మామూలు నడకనే మన నడక కంటే జోరు. పైగ మనకు కండ్లతోటి ఊరు ఎట్ల కనిపిస్తదో, దానికి ముక్కుతోటి అట్ల కనిపిస్తది. ప్రతి కరెంటు స్తంభం కాడ ఒక వార్త ఉంటది. ఆ వార్త చదవాలని గుంజుతది, గుంజంగనే మనం నాలుగు అడుగులు ముందుకు పోతం. దానికి లెక్క అర్థమైపోతది: గుంజితే పని అయితది. అంటే గుంజుడు నేర్పింది మనమే, రోజూ, ఇంత తప్పకుండ. 1898లనే ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికా శాస్త్రవేత్త పిల్లులను పెట్టెలల్ల పెట్టి చూసి ఇదే చెప్పిండు. ఏ పని చేస్తే మంచి జరిగిందో ఆ పని జీవి మళ్ల మళ్ల చేస్తది, చేసినా ఏం రాని పనిని మెల్లగ ఇడిసిపెడతది.

ఇది మన ఊరికి కొత్త ముచ్చటేం కాదు. పొద్దుందాక మేసిన బర్రె సాయంత్రం ఎవ్వరూ తోలకున్నా ఇంటికెందుకు వస్తది? కుడితి గోలెం కాడ తౌడు కలిపి పెడతరని దానికి ఎరుక. గింజలు చల్లే ముందు రోజూ ఒక్క తీరుగ కూత పెట్టి పిలిస్తే, పెరటి కోళ్లన్ని ఆ కూతకే ఉరికొస్తయ్. బర్రెకు, కోడికి మనం చేసిందే కుక్కకు చేస్తే దాన్ని ఇంగ్లీషుల పాజిటివ్ రీఎన్‌ఫోర్స్‌మెంట్ అంటున్నరు. పేరు పెద్దగున్నది గని లోపల ఉన్నది కుడితి గోలెమే.

నేర్పుడు కంటే ముందు మెడకు కట్టేదాని సంగతి చూడాలె. పశువుల గొలుసు కుక్క కోసం చేసింది కాదు. దాని బరువు రోజంతా మెడ మీదనే ఉంటది, బొచ్చు ఊడుతది, తోలు పుండయితది, వానకాలం ఆ పుండ్ల మీద ఈగలు వాలి పురుగులు పడతయ్. ఎప్పుడూ కట్టేసే ఉంచిన కుక్క దగ్గరికి పిల్లలు గిట్ల పోతే అది పారిపోలేదు, అందుకే ముందుగాల కరుస్తది. 1960ల వచ్చిన జంతువుల మీద క్రూరత్వ నివారణ చట్టం సెక్షన్ 11ల దీని గురించి రెండు మాటలున్నయ్. జంతువును మరీ పొట్టి గొలుసుతోటో, మరీ బరువు గొలుసుతోటో అడ్డగోలుగ చాలాసేపు కట్టేసుడు నేరం. రెండోది ఖాస్ కుక్కల గురించే ఉన్నది: ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను ఓనరు సరిపోయేంత తిప్పకుంటే అది గూడ నేరమే. మొదటిసారి దొరికితే జుర్మానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఇయ్యాలటి రోజుల అది చాయ్, సమోసా పైసలు, అందుకే ఎవ్వరికీ భయం లేదు. గని అరవై ఏండ్ల కిందనే చట్టం రాసినోళ్లకు తెల్సినట్టు, కట్టేసిన కుక్కకు తిండి ఎంత అవసరమో తిప్పుడు గూడ అంతే అవసరం.

మెడ బెల్టు కొనాలంటే సాదా నైలాన్‌దో, మెత్తటి తోలుదో తీసుకోండి. కట్టినంక మెడకు బెల్టుకు నడుమ రెండు వేళ్లు పట్టాలె. అంతకంటే వదులుంటే తల వెనక్కి తీసి తప్పించుకుంటది, బిగుసుంటే ఊపిరి ఆడది. పిల్ల వారం వారం పెరుగుతది కాబట్టి ప్రతి ఆదివారం వేళ్లు పెట్టి చూసుడు అలవాటు చేసుకోండి. బెల్టుకు ఫోన్ నంబర్ రాసిన బిళ్ల ఒకటి తగిలిస్తే తప్పిపోయిన కుక్క మళ్ల ఇంటికొచ్చే అవకాశం పెరుగుతది. బండ్లకు అంటించే రేడియం టేపు ముక్క కుట్టిస్తే రాత్రిపూట లారీ డ్రైవర్‌కు దూరంకెల్లే మెరుస్తది. ఈ రెండిటికి అయ్యే ఖర్చు ఒక రీఛార్జి అంత గూడ ఉండది.

గుంజే కుక్కకు మాత్రం మెడ బెల్టు కంటే హార్నెస్ మంచిది. అంటే మెడ మీద బరువు పడకుంట ఛాతీ చుట్టూ, వీపు మీదికెల్లి వచ్చే పట్టీలు. ముందటకెల్లి చూస్తే ఇంగ్లీషు వై అక్షరం లెక్క ఉండాలె, భుజాలకు అడ్డం పట్టీ పోతే కాలు సక్కగ సాగది. ఛాతీ మీద ముందట ఒక రింగు ఉన్నదైతే ఇంకా నయం. తాడు ఆ రింగుకు తగిలిస్తే గుంజినప్పుడు కుక్క పెయ్యి మన దిక్కే తిరుగుతది, జోరు దానంతట అదే తగ్గుతది. మెడ బెల్టుతోటి గుంజితే గొంతుగొట్టం మీద ఒత్తిడి పడతది, పగ్ అసువంటి పొట్టిముక్కు కుక్కలకైతే అసలే ఊపిరి కష్టం. 2006ల అచ్చయిన ఒక పశువైద్య పరిశోధనల, మెడ బెల్టు గుంజినప్పుడు కుక్క కంటి లోపటి ఒత్తిడి పెరుగుతదని, హార్నెస్‌తోటి అట్ల పెరగలేదని కొలిచి చూపిచ్చిన్రు. ఆన్‌లైన్‌ల ఆర్డర్ పెట్టేటప్పుడు జాతి పేరు చూసి కొనకండి. దర్జీ టేపు తీసుకొని ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, మెడ చుట్టుకొలత రాసుకొని ఆ సెంటీమీటర్ల ప్రకారం కొనండి. కొనే స్తోమత లేకుంటే బ్యాగులు కుట్టేటాయన దగ్గరికి కుక్కనే తోలుకపోండి. పాత స్కూలు బ్యాగు పట్టీలతోటి మంచి హార్నెస్ కుట్టియ్యొచ్చు. బకిల్ మాత్రం ఇనుపదే వేయించండి, పెద్ద కుక్క ఒక్క గుంజుడుకు ప్లాస్టిక్‌ది పటుక్కుమంటది.

చేతిల పట్టే తాడు ఐదారు అడుగులు ఉంటే చాలు. బటన్ నొక్కితే సాగే డబ్బా తాళ్లు ఊరి రోడ్ల మీద వద్దు, ట్రాక్టర్ వచ్చినప్పుడు కుక్క ఇరవై అడుగుల అవుతల ఉంటది. తాడును మణికట్టుకు, వేళ్లకు మెలికలు చుట్టుకోకండి, ఒక్కసారి ఉరికితే ఎముక ఇరుగుతది. బండి వెనక కూసొని కుక్కను తాడుతోటి ఉరికించుకుంట వీడియోలు పెట్టేటోళ్లను చూస్తే కడుపు మండుతది. బండి స్పీడ్ కుక్క చేతిల ఉండది. అది ఆగాల్ననుకున్నా ఆగలేదు, తారు మీద పాదాల తోలు లేస్తది.

ఇగ అంగట్ల ఇంకో తీరు సామాను ఉన్నది. గుంజితే బిగుసుకునే చోక్ చైన్, లోపలి దిక్కు ముళ్లున్న పట్టా, రిమోట్ నొక్కితే కరెంటు కొట్టే బెల్టు. హిమాలయాలల్ల గొర్ల కాపరులు గూడ కుక్కలకు ముళ్ల పట్టాలు కడతరు. కాకపోతే వాళ్ల పట్టాకు ముళ్లు బయటి దిక్కు ఉంటయ్, చిరుతపులి మెడ పట్టొద్దని. ఆ ముళ్లు కుక్కను కాపాడేటివి. మన దగ్గర అమ్మేటి ముళ్లు కుక్కకే గుచ్చుకునేటివి. కరెంటు బెల్టులను వేల్స్ దేశం 2010లనే బంద్ పెట్టింది.

సామాను కుదిరినంక నేర్పుడు. దీనికి జేబుల ఉడకబెట్టిన చికెన్ ముక్కలో, కోడి కార్జమో, గుడ్డో ఉండాలె. శనగ గింజంత ముక్క చాలు, కుక్కకు ముక్క సైజుతోటి పని లేదు, ఎన్నిసార్లు దొరికింది అనేదే లెక్క. కార్జం ఎక్కువ పెడితే విరేచనాలు పడతయ్, ఇచ్చినంత పూట తిండిల తగ్గియ్యండి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిగడ్డ కుక్కకు విషం. ఉడికించిన బొక్కలు పెళుసై పేగులల్ల గుచ్చుకుంటయ్.

మొదటి రెండు రోజులు తాడే వద్దు. ఇంట్ల కూసోని "శభాష్" అనండి, వెంటనే ముక్క ఇయ్యండి. ఇట్ల ఇరవై సార్లు. ఆ మాట ఇనంగనే కుక్క చెవులు నిలబెట్టి మీ చేయి దిక్కు చూస్తే, మాట పని చేసినట్టే. ఈ మాట ఎందుకంటే, కుక్క మంచిగ చేసిన క్షణానికి ముక్క చేరే క్షణానికి నడుమ సందు ఉంటది. అది జేబుల చేయి పెట్టేలోపట కూసున్నదల్లా లేసి ఎగిరిందనుకో, ఎగిరినందుకే ముక్క ఇచ్చినట్టయితది. మాట ఆ సందును నింపుతది. డాల్ఫిన్లకు ఆటలు నేర్పేటోళ్లు ఇందుకే ఈల ఊదుతరు. డాల్ఫిన్ మెడకు తాడు కట్టలేం, కోపం చేస్తే నీళ్లల్ల అవుతలికి ఈదిపోతది, దానికి ఇష్టమైతేనే దగ్గరికొస్తది. హవాయిల డాల్ఫిన్లకు నేర్పిన కరెన్ ప్రయర్ అనే ఆవిడ 1984ల కుక్కలు, మనుషులు, అందరికీ పనికొచ్చేటట్టు ఈ పద్ధతి మీద పుస్తకం రాసింది. ఆ తర్వాత టిక్కుమనే చిన్న డబ్బా, క్లిక్కర్, కుక్కల ట్రెయినింగ్‌ల మామూలయింది. మన జేబుల బటన్ పెన్ను గూడ టిక్కుమనే అంటది.

మూడో రోజు హార్నెస్ వేసి వాకిట్ల మొదలుపెట్టండి. తాడు వదులుగ ఉండి కుక్క మీ మోకాలి పక్కన ఉంటే శభాష్, ముక్క. ఆ ముక్కను మోకాలి దగ్గరనే ఇయ్యాలె, ముందట చేయి చాపి ఇస్తే ముందటికే వస్తది. తాడు బిగుసుకున్నదా, మీరు చెట్టు లెక్క నిలబడిపోండి. వెనక్కి గుంజకండి, తిట్టకండి. కాసేపటికి అది "ఏమైంది" అని వెనక్కి చూస్తది, తాడు వదులయితది. అప్పుడు శభాష్, నడక మళ్ల మొదలు. ఇక్కడ ముక్క కంటే పెద్ద బహుమానం ముందుకు పోవుడే. స్తంభం వాసన చూడనిచ్చుడు గూడ బహుమానమే, దానికి పైసా ఖర్చు లేదు. మొదటి రోజు గల్లీ చివరికి పోవడానికి పావుగంట పట్టొచ్చు, చూసినోళ్లు నవ్వొచ్చు. పది నిమిషాలకంటే ఎక్కువ చేయకండి, కుక్కకు ఇసుగొచ్చే ముందే ఆపాలె.

ఈ పద్ధతి చెడేది ఇంట్లోళ్ల దగ్గరనే. పొద్దున తమ్ముడు ఆగిండు, సాయంత్రం నాయిన గుంజనిచ్చిండు. పేకాటల రోజూ ఓడిపోయేటోడు లేసి పోతడు, ఎప్పుడో ఒక్కసారి గెలిచేటోడే తెల్లారేదాక కూసుంటడు. ఒకనాడు గుంజితే పని అయి, ఒకనాడు కాకుంటే కుక్క ఇంకా గట్టిగ గుంజుతది. ఇదే లెక్కను మనం గూడ వాడుకోవచ్చు. నడక కుదిరినంక ప్రతిసారి ముక్క ఇయ్యకుంట, మూడుసార్లకోసారి, ఏడుసార్లకోసారి ఇస్తే, ఇప్పుడొస్తదో అప్పుడొస్తదో అని మన పక్కనే ఉంటది.

పిలిస్తే వచ్చుడు నేర్పాలంటే పొలం కాడ ఇరవై ముప్పై అడుగుల నూలు తాడు కట్టండి. నైలాన్ తాడైతే చేతులు కోసుకపోతయ్. ఈ పొడుగు తాడు ఛాతీ హార్నెస్‌కే కట్టాలె, మెడ బెల్టుకు కడితే ఉరికినప్పుడు మెడ పట్టుకుంటది. పేరు పెట్టి పిలిచి మీరు వెనక్కి ఉరకండి, అది ఉరికొస్తది, వచ్చినంక మంచి ముక్క ఇయ్యండి. పది సార్లు పిలిస్తే ఒకసారి వచ్చిన కుక్కను ఆ వచ్చినప్పుడు కొట్టేటోళ్లు ఉంటరు. లేటుగ వచ్చినందుకు కొట్టినమని మనమనుకుంటం. కుక్క లెక్కల, వచ్చినందుకే దెబ్బ పడ్డది.

"దుడ్డుకర్ర లేకుంటే కుక్క వంగది, నువ్వే ఆల్ఫా అని చూపియ్యాలె" అని యూట్యూబ్‌ల చెప్పేటోళ్లు మస్తుమంది. ఈ ఆల్ఫా కథ 1947ల రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన రాసిన తోడేళ్ల పరిశోధన నుంచి వచ్చింది. ఆ తోడేళ్లు అడివిలవి కావు, ఒక్క జాగల బంధించి ఉంచినయ్. డేవిడ్ మెక్ అనే ఇంకో శాస్త్రవేత్త 1970ల రాసిన పుస్తకంతోటి ఆ మాట లోకమంత పాకింది. అదే మెక్ తర్వాత అడివి తోడేళ్లను ఏండ్లకేండ్లు చూసి, 1999ల, అడివిల తోడేళ్ల మంద అంటే తల్లి, తండ్రి, వాళ్ల పిల్లలేనని, దాంట్ల ఆల్ఫా అనే మాట సరిగ్గ అతకదని రాసిండు. మాటను లోకమంత పాకించినాయనే వెనక్కి తీసుకున్నంక గూడ మనం కర్ర పట్టుకొని తిరుగుడు ఏం న్యాయం?

కర్రతోటి పని జరగదని నేను అనను. దెబ్బకు కుక్క ఆగుతది, అందుకే కొట్టేటోనికి అది నిజమనిపిస్తది. అడగాల్సింది, ఆగిన కుక్క లోపట ఏమైంది అని. పోర్చుగల్‌ల పోర్టో పరిశోధకులు 92 పెంపుడు కుక్కలను చూసి 2020ల ఒక పరిశోధన అచ్చేసిన్రు. గుంజుడు, గద్దరిచ్చుడు, దండించుడు ఎక్కువున్న స్కూళ్లల్ల నేర్చుకున్న కుక్కలల్ల, బహుమానంతోటి నేర్చుకున్నవాటి కంటే భయం గుర్తులు ఎక్కువ, ట్రెయినింగ్ అయినంక ఉమ్ములల్ల కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ గూడ ఎక్కువ. పశువుల ప్రవర్తన చూసే అమెరికా వెటర్నరీ డాక్టర్ల సంఘం 2021ల, ఎంత మొండి కుక్కకైనా బహుమానం పద్ధతే వాడాలని సలహా ఇచ్చింది. మన ఊర్లకు ఇంకో మాట చాలా ముఖ్యం. కుక్క గుర్రుమంటే కొట్టకండి. గుర్రుమనుడు అంటే "దూరం జరుగు" అని చెప్పుడు. ఆ మాటను కొట్టి మాన్పిస్తే రేపు చెప్పకుంటనే కరుస్తది. "అప్పటిదాక మంచిగనే ఉండె, ఒక్కసారే కరిచింది" అని చెప్పే కథలల్ల చానవరకు గుర్రుమనుడు ఎప్పుడో దెబ్బలతోటి ఆగిపోయి ఉంటది.

బాయికాడ కావలికి కుక్కను పెట్టుకున్న రైతులు ఇంకోటి అడుగుతరు. ముక్కలు పెట్టి మెత్తగ పెంచితే దొంగను చూసి తోక ఊపుతదేమో అని. మొరుగుడు కుక్కకు ఎవ్వరూ నేర్పనక్కర్లేదు, కావలికి కావాల్సింది మొరుగుడే. బాంబులు, గంజాయి వాసన పట్టే పోలీసు కుక్కలను ప్రపంచమంత బంతితోటి, ఆటతోటి, తిండితోటి నేర్పుతరు, వాటి కంటే గట్టి పని చేసే కుక్కలు ఏడున్నయ్? పైగ, పిలిస్తే వెనక్కి రాని కావలి కుక్క దొంగనే కాదు, నీళ్ల వంతు అడగనొచ్చిన పక్క చేను ఆయనను గూడ పడతది.

ఎండకాలం తిప్పుడు పొద్దు పొడవక ముందు, లేదంటే బాగ చీకటి పడ్డంకనే. అరచేయి వెనక దిక్కు తారు రోడ్డు మీద పెట్టి ఏడు లెక్కపెట్టేదాక ఉంచలేకుంటే, కుక్క పాదాలు గూడ ఉంచలేవు. ఎదురుంగ ఊరకుక్కలు వస్తే ఉరకకండి, రాయి ఎత్తకండి, మీ కుక్కను మీ వెనక దిక్కు పెట్టుకొని, జేబుల ముక్కలు గుప్పెడు వాటి ముందట చల్లి పక్క గల్లీకి మళ్లండి. రేబిస్ టీకా కుక్కకు మూడు నెలలకు మొదలుపెట్టి, డాక్టర్ చెప్పినట్టు బూస్టర్, ఆ తర్వాత ఏటేటా ఎయ్యాలె. ఎవరినన్న కరిచినా, పన్ను గీసుకున్నా, పుండును పారే నీళ్లల్ల సబ్బుతోటి పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు సర్కారు దవాఖానకు పోవాలె. పసుపు, సున్నం రాసి ఇంట్ల కూసోవద్దు. రేబిస్ బయటపడ్డంక మందు లేదు.

ఇప్పటికే దెబ్బలు తిన్న కుక్క మీ ఇంట్ల ఉంటే, దాన్ని రేపే రోడ్డు మీదికి తోలుకపోకండి. ముందు ఆ బరువు గొలుసు మార్చండి. రోజుకు రెండుసార్లు దాని దగ్గర, అది అందుకోలేనంత దూరంల, పక్కకు తిరిగి కూసోండి. మాట్లాడకుంట ముక్కలు ఇసిరేసి లేసి వచ్చేయండి. వారం పట్టొచ్చు, నెల పట్టొచ్చు. ఇదివరకు మనిషిని కరిచిందైతే పశువుల డాక్టర్‌కు చూపించి, నోరు తెరిచి రొప్పడానికి వీలుండే బుట్ట తీరు ముక్కు జాలీ కొనండి, దాన్ల గూడ ముక్కలు పెట్టి మెల్లగ అలవాటు చేయాలె. అది తనంతట తాను వచ్చి మీ చేయి వాసన చూసినంక, కొత్త హార్నెస్ కింద పెట్టి దాని మీద ముక్కలు పెట్టండి. అటెన్క చేతిల పట్టుకొని చూపియ్యండి. చూపియ్యంగనే తల తనే దాంట్ల పెట్టిన రోజు గేటు తీయండి.